ఎడమ పక్క స్టీరింగ్

సత్తిబాబుకి మతి పోయిందని బాలామణి చెప్పిందట. బాలామణిది నది అవతల తన్లిన్‌లో సత్తిబాబు పక్కిల్లు. చుట్టపుచూపుగా రంగూన్‌లోని బోటాటౌంగ్ పేటకి వచ్చి లింగరాజు భార్య చెవిలో వేసింది. ఆవిడ అన్నం వడ్డిస్తూ మొగుడికి చెప్పింది.

పదహారేళ్ళ కూతుర్ని కూర్చోబెట్టుకుని షెడ్డులో సొంతంగా కారు కడుతున్నాడట. పిల్ల గోళ్ళ నిండా గ్రీజేనట. పోనీ అదన్నా సరిగ్గా ఏడ్చాడా అంటే, స్టీరింగ్ తీసుకెళ్ళి ఎడమ పక్కన బిగించాడట. ఆదివారం రోడ్డెక్కిస్తారట.

లింగరాజు చేతిలో ముద్ద పళ్ళెంలో పడేశాడు.

"నా సెల్లెల్ని సంపింది సాల్లేదు కామోసు ఆ ఎదవకి" అన్నాడు.

రంగూన్‌లో బళ్ళు రోడ్డుకి కుడి పక్కన నడుస్తాయి. జపాన్ నుంచి దిగిన పాత కార్లకి స్టీరింగ్ కూడా కుడి పక్కనే. ఏ డబ్బున్నవాడి కొత్త బండికో తప్ప ఎడమ స్టీరింగ్ ఉండదు. ఊరంతా అలవాటు పడిపోయినదాన్ని సత్తిబాబు దిద్దడానికి బయల్దేరాడన్నమాట. వెల్డింగ్ చేసుకునేవాడికి ఎంత తెలివి.

మూడేళ్ళ కిందట ట్వంటే ఊళ్ళో పెళ్ళికి తన టాక్సీలో వెళ్తూ సత్తిబాబు వడ్ల లారీని దాటబోయాడు. ఎదురుగా బస్సు. కారు పక్కకి తిరిగింది, వెనక తలుపు నుజ్జయింది. ఆ తలుపు పక్కన కూర్చున్న అతని భార్య, లింగరాజు చెల్లెలు సూర్యావతి అక్కడికక్కడే పోయింది. చక్రం పట్టినవాడిదే పాపమని, దినాలకి వచ్చిన ప్రతి మనిషికీ లింగరాజు పేరుపేరునా చెప్పాడు. సత్తిబాబు తల వంచుకుని విన్నాడు. ఆ తరవాత టాక్సీ అమ్మేసి వెల్డింగ్‌లో చేరాడు. తప్పు చేసినవాడికి నోరెలా పెగులుతుందని లింగరాజు ఇప్పటికీ అంటాడు.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వంతెన దాటాడు. ఇస్త్రీ లుంగీ కట్టుకున్నాడు. గోడౌన్‌లో బర్మా కూలీలంతా 'ఊ లింగరాజ్' అని మర్యాదగా పిలిచే మనిషి, ఈ బురద సందులోకి రావలసివచ్చినందుకు చెప్పులకేసి చూసుకుంటూ నడిచాడు. మేనకోడలి బట్టలు పట్టే సంచీ ఒకటి చంకలో ఉంది.

షెడ్డులో ఉన్నదాన్ని ఎవరైనా చెబితే కారనుకోవాలి. పెట్టెల్లో ముక్కలుగా వచ్చిన కిట్టు. ఫైబరు ఒళ్ళు, తలుపుల్లేవు, పాత వ్యానులోంచి ఊడదీసిన ఇంజను. పందిపిల్లకి చక్రాలు తగిలించినట్టుంది. దాని కింద నుంచి రెండు కాళ్ళు బయటికున్నాయి. సత్తిబాబు పక్కన గొంతుక్కూర్చుని పానాలు అందిస్తున్నాడు.

"ఇదేటి సత్తిబాబూ, బండా, బొమ్మా?"

"బండే బావా."

"నువ్వు సెప్తే గానీ తెలీలేదు."

కాళ్ళు కదిలి సత్తిబాబు కూతురు బేబీ బయటికొచ్చింది. మోచేత్తో మొహం తుడుచుకుంది.

"టీ తాగుతావా మావయ్యా?"

"నీ సేతి టీలో గ్రీజు తేలుద్ది. అక్కర్లేదు." లింగరాజు బండి చుట్టూ తిరిగాడు, ముట్టుకోకుండా. "స్టీరింగ్ అటేల? ఊళ్ళో అందరూ కళ్ళు లేనోళ్ళా, మీరిద్దరే ఉన్నోళ్ళా?"

సత్తిబాబు ఎప్పుడో బిగిసిపోయిన నట్టునే ఇంకా తిప్పుతున్నాడు.

"సూడు. సెల్లెల్ని నీ సేతుల్లో ఎట్టినాం, రోడ్డు మీద పారేసినావు. దాని గుంటని కూడా పారేస్తానంటే నానూరుకోను. ఇయ్యాల్టినుంచీ ఇది మా ఇంట్లో ఉంటాది."

సంచీ తీసి బండి మీద పడేశాడు.

సత్తిబాబు ఆ సంచీ తీసి కూతురి వైపు చాపాడు.

"మావయ్య సెప్పింది నిజమే బేబీ. బట్టలు సద్దుకో" అన్నాడు.

లింగరాజుకి నవ్వొచ్చింది. కన్న కూతుర్ని దగ్గరుంచుకోవడానికి రెండు మాటలు ఆడలేడు, వీడు కారు కడతాడట.

బేబీ సంచీ అందుకుంది. ఇంట్లోకి వెళ్ళలేదు. నాలుగు మడతలు పెట్టి తిరిగి మావయ్య చంకలోనే దోపింది.

"స్టీరింగ్ ఇటు ఎట్టమన్నది నాన్న కాదు, నాను."

"ఓహో. పెద్ద ఇంజినీరువి."

"కుడి పక్క కూకుంటే ముందెల్తన్న లారీ అవతల ఏటొస్తందో కనపడదు. ఎడం సీటులో మనిషి సూసి సెప్పాల. ఇటు కూకుంటే ఎవల్నీ అడగక్కర్లేదు."

"అడిగితే ఏటి అరిగిపోద్ది? రంగూనంతా అలాగే నడపతన్నారు. తోలేవోడు సవటైతే ఎటు కూకుంటే ఏటి?"

"బేబీ, ఒగ్గీ" అన్నాడు సత్తిబాబు. మూడేళ్ళలో అతను గొంతు పెంచడం అదే మొదలు. "ఒగ్గీమన్నానా."

బేబీ వినలేదు. చేతిలో పానా కింద పెట్టి మావయ్య మొహంలోకి చూసింది.

"ట్వంటే దారిలో నాన్న అడిగితే, ఎడం సీటులో కూకుని ఫోనులోంచి తలెత్తకుండా 'ఏటీ రావట్లేదు, పోనీ' అన్నోడివి నువ్వే కదా మావయ్యా."