పావు చుట్టు

జీపు కింద పడుకొని మేస్త్రీ అహరోను కేకేశాడు. "మొండన్నా, స్టీరింగు అటూ ఇటూ ఊపు."

మొండయ్య చేతుల్లో స్టీరింగు పావు చుట్టు తిరిగింది. కింద టైరు మాత్రం కదలలేదు.

"గింత లూజుతోని నిర్మల్ ఘాటు ఎట్ల దిగుతున్నవన్నా?"

"మా సేటు గీ జీపు కొన్న సంది గిట్లనే. మలుపు రాకముందే పావు చుట్టు ఎక్కువ తిప్పుత. గదే అలవాటైంది."

అహరోను అరిగిన జాయింట్లు మార్చి, స్టీరింగు బాక్సు మీది స్క్రూ బిగించాడు. ఇప్పుడు స్టీరింగును వేలితో కదిపినా టైరు కదులుతోంది. తన పనితనానికి తానే మురిసిపోయాడు.

వేములవాడలో పుట్టువెంట్రుకలు తీయించాల్సిన బిడ్డను ఎత్తుకొని, మొండయ్య భార్య వెనక సీట్లో కూర్చుంది.

షెడ్డులోంచి మలుపు తిరుగుతూ జీపు గేటు పక్కన పాతిన రాతి కడీని గుద్దింది. ఇన్నేళ్లలో మొండయ్య ఒక్కసారి కూడా దాన్ని తాకించలేదు.

అహరోను మొండయ్య చేతుల వైపు చూశాడు. "అన్నా, ఆగు! ఇయ్యాల ఘాటు దిగకు!" అంటూ వెంట ఉరికాడు.

మొండయ్య నవ్వుతూ వెనక్కి చూశాడు.

"ఫికర్ చెయ్యకు తమ్మీ. గా మలుపులన్నీ నా చేతులకు ఎర్కే."