మొదటి మాత్రకు తిట్లు

వంటింట్లో మిక్సీ పక్కనున్న రక్తపెట్టె ఈసారీ ఎర్రగా వెలిగితే జోగారావుకు ఇక మందు లేనట్టే. అతని నెత్తుటి కణాలను లోపల పెంచి, మందులను జతలు జతలుగా కలిపి వాటి మీదే పరీక్షిస్తుందా పెట్టె. ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఏదో ఒక ఇంట్లో అలాంటిది కనిపిస్తుంది. కూతురు కుసుమ ఉప్మా కలుపుతూ దానివంకే చూస్తోంది.

పచ్చదీపం వెలిగింది.

"నాన్నా, జత దొరికింది. కానీ ఈ రెండూ కలిపి ఇంతవరకూ ఏ మనిషీ మింగలేదంట. నువ్వు ఒప్పుకుంటేనే మాత్రలిస్తాదంట."

జోగారావు ఒప్పుకున్నాడు. మాత్రలు అరచేతిలో పడ్డాక మాత్రం వాటిని అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చున్నాడు. కుర్రతనంలో ఇదే రక్త క్యాన్సర్ వచ్చినప్పుడు విశాఖలో వార్డంతా తనలాంటివాళ్లే. అప్పట్లో కొత్త జతలను మనుషుల మీదే పరీక్షించేవారు.

"అప్పుడు విశాఖలో భయమెయ్యలేదా?" అంది కుసుమ.

"భయపడనిస్తే కదా. కొత్త జత ఎవడు మింగాలన్నా పక్క మంచాలోళ్లు చుట్టూ చేరి తిట్టేవోరు. మింగేదాకా తిట్లే. ఆళ్లలో గవరయ్యని ఒకడు, నోరు తెరిస్తే నర్సమ్మ చెవులు మూసుకునేది. ఇప్పుడెవరున్నారు తిట్టడానికి?"

కుసుమ స్టవ్ ఆపింది. తండ్రిని ఏనాడూ పల్లెత్తు మాట అనలేదామె.

"నువ్వు... నువ్వుత్త మొండోడివి నాన్నా."

"ఇదీ ఓ తిట్టేనా? మళ్లీ అందులో నాన్నా అని ఒకటి."

"ముసలి సన్నాసీ. చవటా. పిరికి పీనుగా. మింగి చావు..." ఆమె మధ్యలోనే ఆగి మంచినీళ్ల గ్లాసు అతని ముందుకు జరిపింది.

"ఆపకమ్మా" అని జోగారావు రెండు మాత్రలూ నోట్లో వేసుకున్నాడు.