ఒక్కగానొక్క శిష్యుడు

బస్తా మళ్లీ జారి దబ్బున కిందపడింది. దాని వెనకే దర్జీ కూడా చతికిలబడ్డాడు.

"శిష్యా! ఎత్తేది నడుంతో కాదు, కాళ్లతో. ఎన్నిసార్లు మొత్తుకోవాలి?" గోడకి చేరగిలి కూర్చున్న మాస్టారు కేకేశారు.

"నా వల్ల కావట్లేదు మాస్టారూ." దర్జీకి ఏడుపొక్కటే తక్కువ.

సాయంత్రం కూతురు వ్యాను మాట్లాడుకుని వస్తోంది. ఆలోగా ఈ నిండు బస్తాని వీపుమీద వేసుకుని లేవడం రాకపోతే అంతా అయిపోయినట్టే.

కూతురు చెడ్డది కాదు, భయస్తురాలు. "అమ్మ ఉన్నన్నాళ్లూ ఇద్దరూ కలిసి ఎలాగో ఈదుకొచ్చారు. ఇప్పుడు నువ్వొక్కడివీ ఏం చేస్తావు నాన్నా? మొన్న నేలమీద పడితే పక్కింటివాళ్లు వచ్చేదాకా అలాగే ఉండిపోవాల్సి వచ్చింది. హోమ్‌లో మంచం ఖాళీ అయింది, మాట్లాడేశాను" అంది ఫోన్లో. కాళ్లావేళ్లా పడితే కాస్త మెత్తబడింది. "సరే, కొన్నాళ్లు ఆగుతా. నేనొచ్చిన రోజు నా కళ్లముందు ఎత్తి చూపించు. మెట్లు దింపు, మళ్లీ ఎక్కించు. అప్పుడిక ఆ ఊసెత్తను."

హోమ్ అంటేనే దర్జీ గుండెల్లో రాయి పడుతుంది. ఒకసారి వెళ్లి చూసొచ్చాడు. వరస మంచాలు, గోడవైపు తిరిగి పడుకున్న మనుషులు. ఆ రోజు అన్నం సహించలేదు.

అలా మొదలైంది క్లాసు. యాభై దాటాక, జన్మలో పరుగెత్తి ఎరగని మనిషికి! మాస్టారంటే సామాన్యులా? ఒకప్పుడు జిమ్నాస్టిక్స్ పోటీల్లో రింగులు పట్టుకుని గాల్లో నిలబడితే జనం ఈలలతో హోరెత్తించేవారు. ఇప్పుడు మిగిలిన శిష్యుడు దర్జీ ఒక్కడే. క్లాసు దర్జీ ముందుగదిలోనే. చేసి చూపించడాల్లేవు, అంతా నోటితోనే. క్లాసు మొదలైతే మాస్టారు మాస్టారే, శిష్యుడు శిష్యుడే. మొదటిరోజే పెట్టుకున్న షరతు అది.

తలుపు చట్రానికి బిగించిన కడ్డీకి వేలాడటం. గొంతుక్కూర్చుని, చేతులు ఆనించకుండా లేవడం. మిగులు ప్యాంటు గుడ్డలతో దర్జీయే కుట్టిన బస్తాలో ఇసుక నింపి మోయడం. కాస్త అలవాటు పడేసరికి మాస్టారు ఇంకాస్త ఇసుక పోయించేవారు.

వింతేమిటంటే, ఒళ్లు మాట విన్నది. కిందపడ్డ సూది కోసం వంగితే "అమ్మో" అనడం మానేశాడు. కుట్టుమిషన్ ఒక్కడే జరిపేశాడు. పై అరలోని గుడ్డ తాను అందుకుంటే భుజం పట్టేయడం లేదు. నీళ్ల డబ్బాతో మెట్లెక్కొచ్చి, ఆయాసపడకుండా ఈల వేసుకుంటుంటే మాస్టారు పడీపడీ నవ్వారు.

కానీ నిండు బస్తా మాత్రం లొంగదు. ఒకసారి లేచాడంటే మెట్లు అతనికి లెక్కే కాదు. ఆ లేవడమే రావడం లేదు.

కింద వ్యాను హారన్ మోగింది.

"ఇంకొక్కసారి" అన్నారు మాస్టారు. ఈసారి అరవలేదు, బతిమాలారు.

దర్జీ కూర్చున్నాడు. లేవబోయాడు. బస్తా పక్కకి దొర్లిపోయింది.

"పోన్లే" అన్నారు మాస్టారు, మొహం తిప్పుకుని. ఇంతకంటే తిట్టినా బాగుండేది అనుకున్నాడు దర్జీ.

కూతురు వచ్చింది. బస్తా వంకా, చెమటకి తడిసి ముద్దయిన తండ్రి చొక్కా వంకా చూసింది. కళ్లు తుడుచుకుంది.

"చాలు నాన్నా. ఇలా నిన్ను నువ్వు చంపుకోకు. డ్రైవర్ని పైకి పిలుస్తా, తలో చెయ్యీ వేద్దాం."

"ఆగు!" గొంతు చించుకుని అరిచాడు దర్జీ. బస్తాని కాలితో అవతలికి నెట్టేశాడు. "ఇసుకకేం తెలుసమ్మా, మనిషిని పట్టుకుని ఉండటం!"

విసవిసా గోడ దగ్గరికెళ్లి, మాస్టారికి వీపు పెట్టి గొంతుక్కూర్చుని, రింగుల మీంచి పడ్డనాటి నుంచీ కదలని ఆ కాళ్లని తన నడుం చుట్టూ బిగించుకుని, "మెడ గట్టిగా వాటేసుకోరా నాన్నా" అంటూ కొడుకుతో సహా లేచి మెట్లవైపు నడిచాడు.