ఇరవై నిమిషాల స్నానం

“డ్రిల్! గిరిధర్, డ్రిల్! షవర్ కిందికి పరిగెత్తు!”

కిరణ్మయి కేకకు గిరిధర్ ఎగిరి గంతేశాడు. కింది అరలోని డబ్బాలకు లేబుళ్ళు అతికిస్తున్నవాడికి వీపంతా ఒక్కసారిగా తడిసింది. పోయినేడు డ్రిల్‌లో వెనకనుంచి బకెట్టెడు నీళ్ళు కుమ్మరించారు. ఈసారి పైనుంచి పోశారన్నమాట అనుకుని, నవ్వుకుంటూ వెళ్ళి షవర్ గొలుసు లాగాడు.

జూలై నెల. ఆ దేశంలో అది నడి చలికాలం. హామిల్టన్‌లో పొద్దుటి మంచు ఇంకా గడ్డి మీదే ఉంది. ఆ షవర్‌కి వేడినీళ్ళు పెట్టిద్దామని ఇంతవరకు ఏ మహానుభావుడికీ తోచలేదు.

“ఓరి నాయనో! చంపేస్తాండావక్కా!”

“తల వంచి మొహం కడుక్కో. ఆ తర్వాతే గాగుల్స్ తియ్యి. బయటికి అడుగు పెట్టావో, ఫెయిల్!”

ఫెయిల్ అనేసరికి గిరిధర్ బిగుసుకుపోయాడు. అది పాల ఫారాలకు యాసిడ్ సరఫరా చేసే గోడౌన్. పాలు పితికే యంత్రాల గొట్టాల్లో పేరుకున్న గారను ఆ యాసిడ్‌తోనే వదిలిస్తారు. దాన్ని ఫారాలకు తీసుకెళ్ళే ట్రక్కు నడపాలని గిరిధర్‌కు రెండేళ్ళుగా కోరిక. అందుకు, యాసిడ్ మీద పడితే ఏం చెయ్యాలో చేసి చూపించే డ్రిల్ పాసవ్వాలి, అంటే ఆ షవర్ కింద ఇరవై నిమిషాలు నిలబడాలి. పోయినేడు నాలుగో నిమిషంలోనే తువ్వాలు అడిగాడు. ఈసారీ తప్పితే ఇక లేబుళ్ళు అతికించుకోవడమే అని మేనేజరు తేల్చి చెప్పేశాడు. డ్రిల్ ఈ వారంలోనే ఉంటుందన్నారు గానీ, ఏ రోజో సేఫ్టీ ఆఫీసరు కిరణ్మయి బయటపెట్టలేదు.

గిరిధర్ మంచివాడే, గుండె మాత్రం పిచ్చుకంత. ఒకసారి గ్లవ్ మీద నిజం యాసిడ్ ఒక్క చుక్క పడితే, షవర్ పక్కనుంచే దూసుకుపోయి కార్ పార్కు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాడు. ఫ్లూ ఇంజెక్షన్‌కి స్పృహ తప్పిన ఘనత కూడా అతనిదే.

ఆఫీసు గదిలోంచి క్లర్కు షీనా పరిగెత్తుకొచ్చింది. పై అరలోని డ్రమ్ము వంక చూసి, గిరిధర్ వంక చూసి, నోరు తెరిచింది.

“అక్కా, అది...”

“డ్రిల్, షీనా! నీ పార్టు నువ్వు చెయ్యి. ఫోన్!”

షీనా మొహం తెల్లబోయింది. వచ్చినంత వేగంగా వెనక్కి పరిగెత్తింది.

“ఏం నటనక్కా! ఈ పిల్లను సినిమాల్లోకి పంపాల!”

“ముందు నీ ఓవరాల్ తియ్యి.”

“ఏందీ?”

“బట్టలు తియ్యకపోతే సగం మార్కులు పోతాయి.”

“ఆడోళ్ళ ముందరా? మా శ్రావ్యకు తెలిస్తే కొంపలో కూడు పెట్టదక్కా!”

“శ్రావ్యకు నేను చెబుతాలే!”

కిరణ్మయి గాగుల్స్, గ్లవ్స్ తొడుక్కుని, కత్తెరతో ఓవరాల్‌ని బర్రున కత్తిరించి లాగేసింది. కొత్త ఓవరాల్ అని గిరిధర్ లబోదిబోమన్నాడు. నిక్కరు మీద సిగ్గుతో మెలికలు తిరుగుతుంటే, ఆమె ఒక టార్పాలిన్ అడ్డం కట్టింది.

“ఆరు నిమిషాలైంది. ఇప్పుడు ప్రశ్నలు. నీళ్ళలో యాసిడ్ పోస్తావా, యాసిడ్‌లో నీళ్ళు పోస్తావా?”

“నీ... నీళ్ళలో యాసిడ్. తిరగేస్తే ఉడుకెత్తి మొహం మీదికి చిమ్ముతాది.”

“యాసిడ్ పక్కన బ్లీచ్ పెట్టొచ్చా?”

“పెట్టకూడదు. రెండూ కలిస్తే విషప్పొగ. అక్కా, వీపు చురచురమంటాంది.”

కిరణ్మయి గబుక్కున అతని వీపు వంక చూసింది.

“చన్నీళ్ళకి అలాగే ఉంటుంది. వీపు ధార కిందికి పెట్టు. ఒంటి మీద యాసిడ్ పడితే వంటసోడా చల్లొచ్చా?”

“ఊహూఁ. నీళ్ళే. ఎంతసేపైనా నీళ్ళే.”

“నా బంగారం!”

రెండేళ్ళలో ఆమె నోట తిట్లు తప్ప వినని గిరిధర్ పొంగిపోయాడు. ఆ పొంగు పన్నెండో నిమిషం దాకా పనిచేసింది. ఆ తర్వాత పళ్ళు టకటకలాడాయి. ఒక కాలు బయటికొచ్చింది.

“నా వల్ల కాదక్కా. ట్రక్కు వద్దు, ఏం వద్దు. వచ్చేస్తా.”

కిరణ్మయి ఒక్క ఉదుటున షవర్ కిందికి దూరి, అతని భుజాలు పట్టి వెనక్కి నెట్టింది.

“నేనూ తడుస్తాను. సరేనా? ఏదైనా పాట పాడు.”

“పాటలు రావు. ఎక్కాలొస్తాయి.”

“ఎక్కాలే చదువు!”

“పదిహేడొకట్ల పదిహేడు! పదిహేడు రెళ్ళ ముప్పై నాలుగు!”

గోడౌన్ దద్దరిల్లిపోయింది. పదిహేడేడుల దగ్గర అతను తడబడితే ఆమె మళ్ళీ మొదటినుంచి చదివించింది. మూడోసారికి ఇద్దరూ వణుకుతూ, నవ్వుతూ కలిసి అరుస్తున్నారు. పద్దెనిమిదో నిమిషంలో అంబులెన్స్ వచ్చి ఆగింది. గిరిధర్ చెయ్యి ఊపాడు.

“అంబులెన్స్ కూడానా! ఈసారి డ్రిల్ అదరగొట్టినావక్కా!”

“ఎక్కం ఆపకు.”

ఇరవై దాటాక అంబులెన్స్ ఆయన వచ్చి, గిరిధర్ వీపంతా వంగి వంగి చూశాడు.

“ఈయనా మార్కులేస్తాడా?” గిరిధర్ గుసగుసగా అడిగాడు.

“చివరి మార్కు ఆయనదే.”

ఆయన బొటనవేలు పైకెత్తాడు. చక్కగా కడిగారు, కాస్త ఎర్రబడిందంతే, ఎందుకైనా మంచిది డాక్టరుకు చూపిద్దాం అన్నాడు. దుప్పటి కప్పుకుని అంబులెన్స్ ఎక్కుతూ గిరిధర్, ఎన్నికల్లో గెలిచినవాడిలా రెండు చేతులూ ఊపాడు.

పై అరలో ఇంకా చుక్కలు కారుతున్న డ్రమ్ము వంక ఒకసారి చూసి, కిరణ్మయి ఆ తడి సిమెంటు మీదే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

“చూడు షీనా! నేను పాసైతే అక్కకు ఎంత సంతోషమో!” అని గిరిధర్ లోపల్నించి అరిచాడు. తలుపులు మూసుకున్నాయి.

అసలు డ్రిల్ మర్నాడు.