సున్నాకు దిగిన అంకె

ఆ కాలానికి ఊళ్ళో ప్రతి బిడ్డ చేతికీ ఒక పట్టీ ఉండేది. బిడ్డ మాటతీరు సగటు పిల్లలకు ఎంత దూరంలో ఉందో చెప్పే డీవియేషన్ అంకె ఆ పట్టీ మీద పడేది. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన నూకరత్నానికి, నాలుగేళ్ళ కూతురు వెన్నెల చేతి మీద ఇరవై ఆరు చూడగానే గుండె జారిపోయింది. జ్వరంలాగే అదీ దిగాలనుకుంది. వెన్నెల కోళ్ళకు కథలు చెప్పినప్పుడల్లా అంకె పెరిగేది.

"నోర్మూసుకోవే, మళ్ళీ ఎక్కేస్తోంది!" అని తల్లి కసిరేది.

వెన్నెల కథలు మానేసి తోటి పిల్లల్లాగే మాట్లాడసాగింది. ఆరు నెలలకు సున్నా పడింది. నూకరత్నం బెల్లం పరమాన్నం వండి, గిన్నె ఒక చేత్తో, కూతుర్ని మరో చేత్తో పట్టుకుని అంగన్‌వాడీకి పరుగెత్తింది.

"తగ్గిపోయిందండీ టీచరుగారూ!"

కొత్తగా వచ్చిన సుగుణ టీచరు రిజిస్టరు తీసి, పాత అంకెలూ వాటి పక్కన రాసున్న వెన్నెల మాటలూ చూసి నివ్వెరపోయింది.

"అదేమన్నా రోగమా అమ్మాయ్, తగ్గడానికి? వెనకబడినా అంకె పడుద్ది, ముందున్నా పడుద్ది. నీ పిల్ల అందరికన్నా ముందుండేది. ఏం చేశావే తల్లీ?"

నూకరత్నం అక్కడే కూలబడి కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది.

"మాట్లాడమ్మా, నీకేం తోస్తే అది. ఇంకెప్పుడూ తిట్టనే."

వెన్నెల తల్లి ముఖంలోకి చూసింది.

"ఏం చెప్పమంటావమ్మా?" అంది మెల్లిగా.