ముందు ఆవు లోపలికి

ముహూర్తం దగ్గరపడింది. గుమ్మం ముందు ఆవు మొరాయించింది.

అమెరికాలో, అరోరా ఊరి శివార్లలోని ఆ పాత బడిలో ముందు ఆవు అడుగుపెట్టాకే తమ తెలుగు గురుకులం మొదలవ్వాలని భీమశంకరం పట్టుబట్టాడు. గురుకులం కమిటీ ప్రెసిడెంట్ మాట కాదనేదెవరు?

ఆ ప్రాంతానికి రైలు కూడా రాని రోజుల్లో, చర్చి వాళ్లు బైబిలు చదువుల కోసం దుంగలతో కట్టుకున్న అకాడమీ అది. తర్వాత ఇటుక గోడలు లేచాయి. పిల్లలు తగ్గిపోయి ఎప్పుడో మూతపడింది. అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డర్ దానిమీద కన్నేసినా, చర్చి బోర్డు తెలుగువాళ్లకే ఇచ్చింది. అదంతా బోర్డు ముందు తానిచ్చిన ప్రెజెంటేషన్ చలవేనని భీమశంకరం నమ్మకం. కనిపించినవాళ్లందరికీ ఆ ముక్క చెప్పుకున్నాడు కూడా.

ఆవును ట్రైలర్లో తెచ్చిన తెల్ల ముసలాయన దాని చెవిలో ఏదో గొణిగాడు. అది బుద్ధిగా లోపలికి నడిచింది. భీమశంకరం భార్య నళిని పలుపు పట్టుకుని హాలంతా ఒక చుట్టు తిప్పింది.

ముసలాయన కూడా గడప దాటబోయాడు.

"షూస్, ప్లీజ్," అంటూ భీమశంకరం అడ్డుపడ్డాడు.

ఆయన నొచ్చుకోలేదు. మెట్టు మీద కూర్చుని బురద బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాడు. ముడి ఒక పట్టాన ఊడి రావడం లేదు. సాయంత్రం ఫ్లైట్‌కి కూతురి దగ్గరికి, అరిజోనా వెళ్లిపోతున్నాననీ, ఇక అక్కడే ఉండిపోతాననీ, ఒక్కసారి లోపల చూసి వెళ్తాననీ అన్నాడు.

లోపలినుంచి పంతులుగారు ఒకటే తొందరపెడుతున్నారు.

"వర్జ్యం వచ్చేస్తుందండీ," అంది నళిని, ఆవును బయటికి తెస్తూ. "పాపం, పెద్దాయన్ని కూడా రానివ్వండి."

"ఆ ముడి ఊడేసరికి ముహూర్తం కాస్తా దాటిపోతుంది," అన్నాడు భీమశంకరం.

లడ్డూల బాక్స్ ఆయన చేతిలో పెట్టి, ఇంకోసారి తీరిగ్గా రమ్మని మర్యాదగానే సాగనంపాడు. ఆయన తలూపి, ఆవును ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

పూజ దివ్యంగా జరిగింది. భోజనాలకు చర్చి పాస్టర్ వచ్చాడు. పులిహోర వడ్డిస్తూ భీమశంకరం, తన ప్రెజెంటేషన్‌లో బోర్డుకి బాగా నచ్చిందేమిటని అడిగాడు.

పాస్టర్ ఇబ్బందిగా నవ్వాడు. నిజానికి బోర్డంతా బిల్డర్ వైపే మొగ్గిందట. ఒకే ఒక్కాయన ఒప్పుకోలేదట.

"'పిల్లలు దేవుడి ముందు కూర్చుని చదువుకోవాలని మా ముత్తాత ఈ బడి కట్టాడు. ఏ దేవుడన్నది ఆ పిల్లలూ, ఆ దేవుడూ చూసుకుంటారు' అన్నాడు. ఆ మాటకి మేమంతా తగ్గాం."

భీమశంకరానికి సిగ్గేసింది. వెంటనే మనసూ కరిగింది. ఆయన్ని పిలిచి శాలువా కప్పాలి, ఎక్కడుంటారని అడిగాడు.

"అదేంటి, ఆయన చదువుకున్న గది మీరు చూపించలేదా?" అన్నాడు పాస్టర్. "పొద్దున మీకు ఆవును తెచ్చింది ఆయనే."