అరవై అడుగుల తీగ

రికార్డు సూది తెచ్చే సన్నని శబ్దాన్ని పెంచే ప్రీయాంప్ ఇంటికి వచ్చింది. నూలు సేటు ముందర బాపు పెట్టె విప్పాడు.

"మా శ్రీవాణి ఎంచిందే సేటూ. బ్యాలెన్స్‌డ్ రకం. తీగ ఎంత పొడుగున్నా గుయ్యిమనదట."

తాత నాకిచ్చిపోయిన రికార్డు ప్లేయరు కోసం నెల రోజులు వెతికి ఎంచాను. ప్లేయరు ముందర గదిలో, స్పీకర్లు వెనక మగ్గం గదిలో. అట్లయితే మగ్గం అదురుకు సూది ఎగరదు, బాపు నేస్తూ పాటలు వినొచ్చు.

మాకు నూలిచ్చే అమరేందర్ సేటు నవ్వాడు. "అరవై అడుగులకు మంచిగ పనిచేస్తదా బిడ్డా? మా హాలు గంత పొడుగున్నది."

"మీ హాలా?"

"బాపు చెప్పలేదా? ప్లేయరు నాకిస్తనని నెల కిందనే మాటిచ్చిండు గద!"

మా మగ్గం గది ఇరవై అడుగుల దూరమే. అరవై అడుగులకు పనికొచ్చేది చూడమన్నది బాపే.

సేటు ప్లేయరు ఎత్తుకొని కారు వైపు నడిచాడు. బాపు గొంతు తగ్గించాడు.

"ఇయ్యకుంటే నూలు బందుపెడ్తనన్నడు బిడ్డా. చెప్తే నువ్వు ఏడుస్తవని..."

"ఏడ్సేదాన్నే బాపు. ఏడ్సి, నా చేతులతోని నేనే ఇచ్చేదాన్ని."